బౌరాన్ తయారీ డైరీ: రెండు తోళ్లు, ఒక తుపాను, ఊరి హాల్లో కచేరీ

నవంబర్‌లో మొదలుపెట్టిన బౌరాన్ అనే ఈ ఐరిష్ తోలు వాయిద్యం ఫిబ్రవరి 1న మా ఊరి హాల్లో మోగింది. మధ్యలో ఒక తోలు చిరిగింది, చట్రం కోలగా మారింది, లోపలి రింగు ఇరుక్కుపోయింది. ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లు ఆ మూడూ తప్పించుకోవచ్చు. అందుకే కొలతలు, ఖర్చు, పట్టిన గంటలు అన్నీ వరసగా రాస్తున్నాను.

నేనుండేది ఐర్లండ్ పడమటి వైపు క్లేర్ కౌంటీలో, ఎన్నిస్‌కు అరగంట దూరంలో ఉన్న చిన్న ఊరు. ఉద్యోగం షానన్‌లో. సంప్రదాయ సంగీతానికి క్లేర్ పెట్టింది పేరు. కిల్‌ఫెనోరా కేలీ (డాన్సు సంగీతం వాయించే) బ్యాండు 1909 నాటిది, తుల్లా కేలీ బ్యాండు 1946లో పుట్టింది. మా ఊరి బ్యాండుకు అంత పేరు లేదు. ఫిడిల్, చెక్క ఫ్లూటు, బటన్ అకార్డియన్, ఇలెన్ పైప్స్ (చంకలో తిత్తి నొక్కి వాయించేవి), బుజూకీ (తీగల వాయిద్యం), బౌరాన్: మొత్తం ఆరుగురు. బౌరాన్ వాయించే అమ్మాయి చదువు కోసం కార్క్ వెళ్లిపోయింది. రెండేళ్లుగా నేర్చుకుంటున్నానని తెలిసి నన్ను రమ్మన్నారు.

బౌరాన్ అంటే మన కంజిరకు, డప్పుకు దగ్గరి చుట్టం. గుండ్రటి చట్రం, ఒకవైపే మేక తోలు. నిలువుగా తొడ మీద పెట్టుకుని, ఎడమచెయ్యి వెనక నుంచి తోలుకు ఆనించి, కుడిచేత్తో చిన్న పుల్లతో వాయిస్తారు. నా దగ్గరున్నది 18 అంగుళాల పాత రకం. తోలు మేకులతో దిగ్గొట్టేసి ఉంటుంది కాబట్టి శ్రుతి మార్చే వీలు లేదు. ఇక్కడ వాన పడని వారం అరుదు. తడి గాలికి ఆ తోలు గోనెసంచిలా పలికేది. బోల్టులతో బిగించుకునే రకం కావాలనుకున్నాను.

మొదటి దశ: చట్రం (నవంబర్ 9–17)

అనుకున్న కొలత: బయటి వ్యాసం 380 మి.మీ., లోతు 150 మి.మీ. లోతు పెరిగితే గొంతు గుండ్రంగా, కిందిస్థాయిలో ఉంటుంది. బ్యాండులో నాకు కావలసింది అదే.

చెక్కను ఆవిరి పట్టి వంచే వసతి నాకు లేదు. 1.5 మి.మీ. బర్చ్ ప్లైవుడ్ పట్టీలను ఒకదాని మీద ఒకటి అతికించి ఆరు పొరలు చేశాను. మొత్తం మందం 9 మి.మీ.

మొదటి రోజు చేసిన తప్పు: ఆరు పట్టీలూ 1142 మి.మీ. పొడవుకే కోశాను. మొదటి పొర అచ్చు చుట్టూ సరిగ్గా కూర్చుంది. రెండో పొరకే కొసలు కలవక 9 మి.మీ. సందు వచ్చింది. ఒక్కో పొరతో వ్యాసం 3 మి.మీ. పెరుగుతుంటే చుట్టుకొలత ఇంచుమించు 9.4 మి.మీ. పెరుగుతుంది. కాగితం మీద ఒక్క నిమిషం లెక్క వేసుకుని ఉంటే ఐదు పట్టీలు వృథా అయ్యేవి కావు. సరైన పొడవులు ఇవి: 1142, 1151, 1161, 1170, 1180, 1189 మి.మీ.

పని జరిగిన వరస:

1. ఎండీఎఫ్ చెక్కతో 362 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రటి అచ్చు చేసి, దాని చుట్టూ ప్యాకింగ్ టేపు వేశాను. టేపు లేకపోతే చట్రం అచ్చుకే అతుక్కుపోతుంది.
2. పై పొర నార పట్టీకి అడ్డంగా వచ్చేలా కోశాను. నిలువుగా ఉంటే వంపు దగ్గర చిట్లుతుంది.
3. రోజుకు రెండు పొరలే అతికించాను. లారీ సరుకు కట్టే రాచెట్ బెల్టుతో చుట్టూ సమంగా బిగుస్తుంది. క్లాంపులతో ప్రయత్నిస్తే వాటి మధ్య ఉబ్బులు వచ్చాయి.
4. ఒక పొర అతుకు మీద ఇంకో పొర అతుకు పడకుండా ఒక్కోదాన్నీ ఆరో వంతు తిప్పాను.
5. నాలుగు రోజులు అచ్చు మీదే ఉంచి, పై అంచును బయటికి వాలుగా గీరాను. పదును మిగిలితే తోలును కోస్తుంది.

ఇప్పటిదాకా ఖర్చు: ప్లైవుడ్ 36 యూరోలు, జిగురు 9, అచ్చు చెక్క 14. మొత్తం 59 యూరోలు, 11 గంటలు.

రెండో దశ: మొదటి తోలు (నవంబర్ 23 – డిసెంబర్ 1)

వెంట్రుకలు తీసి ఆరబెట్టిన మేక తోలు 34 యూరోలకు కొన్నాను. చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. వేడి నీళ్లు వాడకూడదు, తోలు ముడుచుకుపోయి మళ్లీ సాగదు. పొద్దునకి తడి పూరీ పిండిలా మెత్తబడింది. అంచుకు జిగురు రాసి, ఎదురెదురుగా లాగుతూ 25 మి.మీ.కు ఒకటి చొప్పున 48 ఇత్తడి మేకులు కొట్టాను.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆదివారానికల్లా వాయించాలన్న ఆత్రంతో దాన్ని రేడియేటర్‌కు రెండడుగుల దూరంలో ఆనించి పడుకున్నాను. రాత్రి మూడింటికి టప్‌మని చప్పుడు. లేచి చూస్తే తొమ్మిది మేకుల దగ్గర తోలు పట్టు వదిలి, వాటిలో ఒకచోట నుంచి 11 సెం.మీ. చీలిక లోపలికి పాకింది. రేడియేటర్ వైపు సగం అద్దంలా బిగుసుకుంది. అవతలి సగం ఇంకా తడిగానే ఉంది. చట్రం కొలిస్తే ఒకవైపు వ్యాసానికీ, అడ్డంగా ఉన్న వ్యాసానికీ తేడా వచ్చింది. ఏడు మిల్లీమీటర్లు కోలగా లాగేసింది.

చిరిగిన తోలును వెర్నియర్‌తో కొలిచాను. వెన్నెముక గీత దగ్గర 0.9 మి.మీ., పొట్ట వైపు అంచున 0.45. గీత మధ్యలో కాక నాలుగు వేళ్లు పక్కకు పడింది. అంటే ఒకవైపు మందం, ఇంకోవైపు పలచన. వేడి తగలకపోయినా ఆ తోలు సమంగా మోగేది కాదు.

ఆ సాయంత్రం మా మేనమామకు ఫోన్ చేశాను. జనగామ దగ్గరి ఊళ్లో ఆయన డప్పు వాయిస్తారు, తోలు కూడా ఆయనే ఎక్కించుకుంటారు. ఫోటో చూసి కాసేపు మాట్లాడలేదు.

"అల్లుడా, తోలును తొందరపెట్టినవ్. నీడకు ఆరాలె అది."

"మామా, మీరు డప్పును మంట దగ్గర కాస్తారు కదా?"

"అది ఆరినంక సంగతి. ఆరిన తోలును కాస్తం. పచ్చి తోలును కాస్తె గుంజుకపోతది. నాలుగు దినాలు తడిగుడ్డ కప్పి, రోజింత తీస్కుంట ఆరబెట్టు."

మా ఇంట్లో డప్పు కాచుకోవడం చిన్నప్పటి నుంచి చూసిందే. ఆరబెట్టడం మాత్రం ఎప్పుడూ దగ్గరుండి చూడలేదు. నేను తప్పింది సరిగ్గా అక్కడే.

ఇప్పటిదాకా: తోలు 34, మేకులు 7. మొత్తం 100 యూరోలు, 17 గంటలు.

మూడో దశ: రెండో తోలు, లోపలి రింగు (డిసెంబర్ 7–29)

మేకులు పీకేశాక చట్రం కొంతమేర తనంతట తనే తిరిగొచ్చింది. కోల 7 నుంచి 3 మి.మీ.కు తగ్గింది. పొట్టి వైపు లోపల 362 మి.మీ. కర్ర ఒకటి అడ్డంగా దూర్చి వారం వదిలేస్తే 1 మి.మీ. లోపుకు వచ్చింది. పాత బౌరాన్‌లకు వెనక అడ్డకర్రలు ఎందుకు ఉండేవో అప్పుడు తెలిసింది. పట్టుకోవడానికే కాదు, తోలు లాగుడుకు చట్రం ముడుచుకోకుండా ఆపడానికి కూడా.

శ్రుతి మార్చే ఏర్పాటు ఇది: చట్రం లోపల 25 మి.మీ. ఎత్తున్న ఇంకో రింగు ఉంటుంది. కింద నుంచి ఆరు బోల్టులు దాన్ని తోలు మీదికి నెడతాయి. ఎం6 బోల్టు ఒక్క చుట్టు తిప్పితే 1 మి.మీ. లేస్తుంది, పావు చుట్టుకు 0.25 మి.మీ. ఇంత సన్నటి లెక్క మేకులు కొట్టిన తోలుతో కుదరదు.

మొదటి రింగు బయటి వ్యాసం 361 మి.మీ. చేశాను. లోపలి వ్యాసం 362 కదా, సరిపోతుందనుకున్నాను. పొడి రోజున జారింది. వారం వాన పట్టాక చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. బోల్టు తిప్పితే రింగు లేవకుండా బ్రాకెట్టే వంగింది. చుట్టూ గీరి 357కు తెచ్చాను. అంటే రెండు వైపులా రెండున్నర మిల్లీమీటర్ల ఖాళీ. తడి ప్రాంతంలో ఇంతకన్నా తగ్గించకండి.

రెండో తోలు కొనేటప్పుడు వెర్నియర్ వెంట తీసుకెళ్లాను. మధ్యలో 0.9, అంచుల్లో 0.75. వెన్నెముక గీత సరిగ్గా వ్యాసం మీద పడేలా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను.

1. రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టడం.
2. రింగు పై అంచు చట్రం అంచు కన్నా 1 మి.మీ. కిందకి ఉండేలా పెట్టడం.
3. గడియారంలో 12, 6, 3, 9 స్థానాల్లో ముందు నాలుగు మేకులు. తర్వాత వాటి మధ్య, మళ్లీ వాటి మధ్య.
4. చేతికి వచ్చినంతే లాగడం. పటకారుతో లాగకూడదు, మిగతా బిగింపు బోల్టులు చూసుకుంటాయి.
5. తడి తువ్వాలు కప్పి, వేడి లేని గదిలో బల్ల మీద పడుకోబెట్టి ఐదు రోజులు.

మూడో రోజు దాకా దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ఐదో రోజు వేలితో కొడితే ఒకే స్వరం చుట్టూ సమంగా పలికింది. ఫోన్‌లోని శ్రుతి యాప్ 92 హెర్ట్జ్ చూపించింది. రింగును తోలుకు ఆనించి, అక్కడి నుంచి ఆరు బోల్టులూ పావు చుట్టు తిప్పాక 98 దగ్గర నిలిచింది, అంటే పాశ్చాత్య స్వరాల్లో కిందిస్థాయి జి. ఈ సంగీతంలో ఎక్కువ బాణీలు డి, జి శ్రుతుల్లో ఉంటాయి కాబట్టి అది దేనికీ అడ్డురాదు.

డిసెంబర్ 26 ఇక్కడ రెన్ డే. మారు వేషాల్లో జనం బౌరాన్‌లు కొట్టుకుంటూ వీధుల్లో తిరిగే పాత ఆచారం ఉంది. 1960లలో షాన్ ఓ రియాడా తన కియోల్‌టోరీ హూలన్ బృందంతో వేదిక ఎక్కించేదాకా ఈ వాయిద్యం ఎక్కువగా వీధిదే. ఆ రోజు సన్నటి తుంపరలో ఒకాయన తన బౌరాన్‌ను పబ్‌లో చలిమంట ముందు తిప్పుతూ కాచుకోవడం చూశాను. మా మామ పోలేరమ్మ గుడి ముందు చేసేది అదే చేతివాటంతో. ఆ వీడియో పంపితే ఆయన రాసింది ఒకే మాట: "మనోళ్లే."

ఇప్పటిదాకా: రెండో తోలు 46, బోల్టులు, బ్రాకెట్లు 17, గాలిలో తేమ కొలిచే మీటరు 12. మొత్తం 175 యూరోలు, 31 గంటలు.

నాలుగో దశ: చప్పుడు తగ్గించడం (జనవరి 4–18)

మొదటి రిహార్సల్‌లో అందరూ మెచ్చుకున్నారు. రెండో రీల్ (వేగంగా సాగే డాన్సు బాణీ) అయ్యాక ఫిడిల్ వాయించే పెద్దాయన విల్లు దించి మెల్లగా అన్నారు: "వాయిద్యం బాగా చేశావు బాబూ. కానీ నాకు ఫ్లూటు వినబడటం లేదు."

ఈ డైరీలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట అది. డప్పు బహిరంగంగా, పది వీధుల దూరం వినిపించాల్సిన వాయిద్యం. బౌరాన్ పని బాణీ కింద నిలబడటం. ఇక్కడి వాళ్లు కూర్చుని వాయించే చోట ఒకసారికి ఒకే బౌరాన్ ఉండటం మర్యాద, అది కూడా అడిగి కూర్చోవాలి. నేను గొంతు పెంచడానికే కష్టపడి చేశాను. ఇక తగ్గించడం మొదలుపెట్టాను.

ఫ్లూటు ఆవిడ చెవి దగ్గర ఫోన్ పెట్టి కొలిచాను. యాష్ చెక్కతో చేసిన 24 సెం.మీ. పుల్లతో 88 డెసిబెల్స్ వచ్చింది.

మార్పులు, ఒక్కోదానికి ఫలితం:

1. తోలు అంచు వెంబడి 19 మి.మీ. నల్ల ఎలక్ట్రికల్ టేపు ఒక వరస. ఖంగుమనే మోత పోయింది. 85.
2. దాని లోపలి వైపు రెండో వరస. 83. మూడో వరస వేస్తే అట్టపెట్టెలా అయింది, తీసేశాను.
3. యాష్ పుల్ల మానేసి, కబాబ్‌లకు గుచ్చే వెదురు పుల్లలు 18 కట్టగా కట్టి, మధ్యలో టేపు చుట్టాను. 79.

ఆ వెదురు కట్ట చేతిలో పడగానే డప్పు సిటికెన పుల్ల గుర్తొచ్చింది. అదే సన్నదనం, అదే వంపు. తోలుకు తగిలినప్పుడు దెబ్బ బదులు సర్రుమనే శబ్దం వస్తుంది. ఫిడిల్ విల్లు రాపిడితో అది కలిసిపోతుంది.

ఇంకో తప్పు రికార్డింగ్‌లో బయటపడింది, పరుగు. డాన్సుకు మేం రీల్ వాయించేది నిమిషానికి 112 దెబ్బల లెక్కన, బారుకు (ఒక ఆవర్తానికి) రెండు దెబ్బలు. 32 బార్ల బాణీ ఒక చుట్టు 34 సెకన్లలో రావాలి. మూడో చుట్టుకు 32 సెకన్లలో అయిపోయింది, అంటే 120. పరిగెత్తింది నేనే, మిగతావాళ్లు నా వెంట వచ్చారు. డాన్సు చేసేవాళ్ల కాళ్లు ఆ రెండు సెకన్లకే చిక్కుపడతాయి. రెండు వారాలు రోజూ ఇరవై నిమిషాలు మెట్రోనోమ్‌తో వాయించాను. జిగ్ అనే ఇంకో రకం డాన్సు బాణీతో ఆ ఇబ్బంది రాలేదు. ఆరు ఎనిమిదో వంతుల లయ మనకు తిశ్రమే: తకిట తకిట. నోట్లో చెప్పుకుంటూ వాయిస్తే చెయ్యి దానంతట అదే నిలబడుతుంది. రీల్‌కు కూడా లోపల తకధిమి చెప్పుకోవడం మొదలుపెట్టాక 114 దాటలేదు.

ఇప్పటిదాకా: టేపు 2, వెదురు పుల్లలు 3. మొత్తం 180 యూరోలు, రిహార్సల్స్ కాకుండా 35 గంటలు.

ఐదో దశ: తుపాను (జనవరి 24–28)

ఈ దశ ప్లానులో లేదు. జనవరి 24న ఎయోవిన్ తుపాను వచ్చింది. గాల్వే తీరాన మేస్ హెడ్‌లో గాలి విసురు గంటకు 180 కిలోమీటర్లు దాటింది. 1945 నుంచి ఉన్న రికార్డు పోయింది. పడమటి వైపంతా కరెంటు తీగలు నేల మీదే. మా వైపు మూడున్నర రోజులు కరెంటు లేదు, హీటింగ్ లేదు. ఇంట్లో తేమ 82 శాతానికి చేరింది.

26న బౌరాన్ తీసి చూశాను. తోలు మధ్యలో వేలితో నొక్కితే గిన్నెలా దిగింది. 61 హెర్ట్జ్. కంగారుతో ఆరు బోల్టులూ రెండేసి చుట్లు తిప్పేశాను. 90కి వచ్చింది. 28న కరెంటు వచ్చి హీటింగ్ మొదలైన రెండు గంటలకే 139కి ఎక్కింది. మొదటి తోలు చిరిగిన రాత్రి కళ్ల ముందు మెదిలింది. పరిగెత్తి బోల్టులన్నీ వదులు చేశాను. మేకుల దగ్గర చూస్తే రెండు చోట్ల కన్నాలు సాగి ఉన్నాయి, చీలిక మాత్రం లేదు.

ఆ రోజు నుంచి పాటిస్తున్నవి:

1. వాయించనప్పుడు బోల్టులు పూర్తిగా వదులు.
2. తేమ 75 దాటితే బిగించడం లేదు. ముందు గది ఆరాలి.
3. ఒక్కసారికి పావు చుట్టు, ఎదురెదురు బోల్టులు. తర్వాత ఐదు నిమిషాలు ఆగి మళ్లీ కొలవడం.

ఖర్చు లేదు. 38 గంటలు.

ఆరో దశ: హాలు (ఫిబ్రవరి 1)

సెయింట్ బ్రిజిడ్ సెలవు వారాంతం, శనివారం. ఈ కచేరీ హాలు పైకప్పు నిధి కోసం ముందే పెట్టుకున్నది. తుపాను తర్వాత అదే హాలు ఊరికి వేడినీళ్లు, ఫోన్ చార్జింగ్ ఇచ్చింది. కొన్ని ఇళ్లకు ఆ రోజుకు కూడా కరెంటు రాలేదు. వాయిదా వేద్దామా అని అడిగితే వద్దన్నది ఆ ఇళ్లవాళ్లే.

హాలు 18 మీటర్ల పొడవు, 9 వెడల్పు, చెక్క నేల. సాయంత్రం ఐదింటికి తేమ 52 శాతం, బౌరాన్ 98 దగ్గర నిలకడగా ఉంది.

సౌండ్ సరిచూసేటప్పుడు మైకు వెనకవైపు, తోలుకు 5 సెం.మీ. దూరంలో పెట్టాం. ఊఁ అని కింది గొంతుతో హోరు మొదలైంది. హోరు స్వరం 98కి ఆనుకునే ఉంది. స్పీకర్ శబ్దానికి తోలు తనంతట తనే కదిలి మైకుకు తిరిగి వినిపిస్తోంది. మూడు పనులు చేశాం: వేదిక మీది మానిటర్లో (వాయించేవాళ్లకు వినిపించే స్పీకర్) నుంచి బౌరాన్‌ను పూర్తిగా తీసేయడం, మిక్సర్లో 100 హెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ తగ్గించడం, మైకును 20 సెం.మీ. వెనక్కి జరపడం. హోరు ఆగింది.

ఎనిమిదింటికి హాలు నిండింది, తలుపు దగ్గర లెక్క 130 మంది. తడి కోట్లన్నీ గోడల వెంట వేలాడుతున్నాయి. ఎనిమిదిన్నరకు మీటరు 68 శాతం. మొదటి జిగ్‌లు అయ్యేసరికి నా శ్రుతి 88కి పడిపోయింది. పైప్స్ ఆయన ఒంటరిగా నెమ్మది బాణీ వాయిస్తున్న సమయంలో, చీకట్లో అలెన్ కీతో రెండు విడతలుగా పావు పావు చుట్టు తిప్పాను. 97. అంతే చాలు.

తర్వాత కాలెడోనియన్ సెట్. నాలుగు జంటలు చదరంగా నిలబడి ఆడేది, అలాంటి చదరాలు ఐదు లేచాయి. క్లేర్ వాళ్లు డాన్సులో మడమలు, మునివేళ్లతో నేలను దరువు వేస్తారు. రెండో అంకం రీల్ మొదలవగానే నలభై మంది కాళ్లు ఒక్కసారి ఆ చెక్క నేల మీద పడ్డాయి. నా కుర్చీ కాళ్లలోంచి తోలు దాకా ఆ అదురు తెలిసింది. ఎడమ అరచేతి కింద తోలు నేను కొట్టకముందే వణుకుతోంది. నేల అంత మోగుతుంటే నేను చేయాల్సింది చాలా కొంచెం. వెదురు కట్టతో సన్నగా, ఫిడిల్ కిందే ఉండిపోయాను. నా వెనక నుంచి ఫ్లూటు స్పష్టంగా వినిపించింది. ఎనభై ఏళ్లు దాటిన ఒకావిడ టీ కప్పు పక్కన పెట్టి ఆఖరి అంకానికి లేచి నిలబడ్డారు. ఆవిడ ఇంటికి ఆ రోజుకు తొమ్మిది రోజులుగా కరెంటు లేదు.

రికార్డింగ్‌లో కొలిచాను. రీల్ మొదటి చుట్టు 34 సెకన్లు, చివరి చుట్టు 33.5.

తర్వాత (ఫిబ్రవరి 2–9)

అదురుకు రెండు బ్రాకెట్ల స్క్రూలు వదులయ్యాయి. నైలాన్ లాక్ నట్లు వేశాను, 6 యూరోలు. ఇవి మూడో దశలోనే వేయాల్సింది. టేపు రెండో వరస ఒకచోట లేచింది. కింద తోలు మీద చేతి జిడ్డు ఉంది, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ అంటించాను.

మొత్తం 186 యూరోలు, 41 గంటలు. ఇందులో మొదటి తోలు, వృథా పట్టీల లెక్క తీసేస్తే 130 యూరోలలో అయిపోయే పని.

అకార్డియన్ ఆయన మనవరాలికి పదకొండేళ్లు. కచేరీ అయ్యాక వచ్చి బోల్టులు తిప్పి చూసింది. 380 తన చేతులకు పెద్దది. ఆదివారం ఇద్దరం కలిసి 355 మి.మీ. బౌరాన్‌కు అచ్చు కోశాం, వ్యాసం 337. మొదటి పట్టీ 1063 మి.మీ. వస్తుందని లెక్క వేసి, మిగతా ఐదింటి పొడవులు ఆ పిల్లే అచ్చు మీద పెన్సిల్‌తో రాసింది.